ఉకెనగాషి చేసే ముందు ఇవి చూసుకోండి

గ్రేడింగ్ పరీక్ష దగ్గర పడుతోంది, టెన్షన్‌లో వేగం పెరుగుతుంది. సెయితెయి ఇయాయ్ (ఒర నుంచి కత్తి దూసే జపాన్ విద్యలో అందరికీ ఒకేలా ఉండే పాఠం) 12 కతాల్లో, అంటే కదలికల వరసల్లో, మూడోదైన ఉకెనగాషిలో ఎడమ పక్క నుంచి వచ్చే వేటును కత్తితో జార్చి, వెంటనే తిరిగి నరకాలి. దానికి ముందు ఇవి చూడండి.

ఎడమ చేతి వేళ్లు. ఒర మూతిని గుప్పిట్లో బిగించి పట్టుకోవద్దు, పదును ఉన్న వైపు వేళ్లు అసలే చుట్టొద్దు. కూర్చున్న చోటి నుంచి పైకి లాగేటప్పుడు అంచు ఒరను లోపల గీస్తుంది, చెక్క చీలిందంటే తెగేది మీ చెయ్యే. ఒర మూతి దగ్గర సన్నటి చెక్క పొడి రాలుతుంటే ఆ రోజుకి ఆపి, సెన్సెయికి (గురువుకి) చూపించండి.

పిడిలోని వెదురు మేకు. వదులైతే కత్తి పిడి నుంచి ఊడి ఎగిరిపోతుంది.

కత్తి మొన. తల మీదికి ఎత్తినప్పుడు మొన పిడి కంటే కిందికి, ఎడమకి వాలాలి. పైకి లేచి ఉంటే వేటు జారదు, నేరుగా మీ భుజం మీదికే వస్తుంది.

వేటును కత్తి పక్క భాగంతో, షినోగి (పక్కన పొడవునా ఉండే గట్టు) మీద జార్చాలి. అంచు అడ్డం పెడితే పెచ్చు లేస్తుంది. ‘ఇయాయ్‌తో’ అనే సాధన కత్తి మిశ్రలోహంతో చేసింది, దెబ్బకు ఆగదు, జంటగా సాధన చేయాలంటే ‘బొకుతో’ అనే చెక్క కత్తి తీసుకోండి.

ఎడమ పాదం వేళ్లు బయటికి తిప్పి పెట్టారా? లేకపోతే తిరిగేటప్పుడు బరువంతా మోకాలి మీదే పడుతుంది.

చివర్లో కత్తిని తిరగేసి పట్టుకుని ఒరలో పెట్టేటప్పుడు తొందర వద్దు. పని అయిపోయిందని మనసు సడలేది అక్కడే.