అమ్మానాన్నలకు అమెరికా గ్రీన్‌కార్డు ఎలా అప్లై చేయాలి?

ఫారం తెరిచేముందు అమ్మానాన్నలనే ఒక మాట అడగండి: అమెరికాలోనే ఉండిపోతారా, ఏటా మూణ్నాలుగు నెలలు వచ్చి వెళ్తారా? వచ్చి వెళ్లేవాళ్లకు విజిటర్ వీసాయే మేలు. గ్రీన్‌కార్డు తీసుకుని ఊళ్లోనే ఉంటే అది నిలవదు.

ఉంటామంటే, పిటిషన్ వేసే మీరు 21 ఏళ్లు నిండిన అమెరికా పౌరులై ఉండాలి. గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్నవాళ్లు తల్లిదండ్రులకు వేయలేరు. ఈ కేటగిరీకి ఏటా ఇన్నే వీసాలన్న కోటా లేదు. అమ్మకు ఒకటి, నాన్నకు ఒకటి విడిగా ఐ-130 (బంధుత్వాన్ని చూపే పిటిషన్ ఫారం) వేయాలి. వాళ్ల కేసులో మీ తమ్ముడినో చెల్లెలినో కలపడం కుదరదు.

ముందు కాగితాలు

ఎక్కువ కేసులు చిక్కుకునేది పేర్ల దగ్గరే. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా. మీ బర్త్ సర్టిఫికెట్‌లో అమ్మ పేరు ‘లక్ష్మి’, ఆమె పాస్‌పోర్టులో ‘వెంకట లక్ష్మి’. ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఒకచోట ఎక్స్‌తో, ఇంకోచోట కేఎస్‌హెచ్‌తో. అన్నీ బల్ల మీద పరిచి అక్షరం అక్షరం పోల్చండి. దిద్దించగలిగినవి పిటిషన్‌కు ముందే దిద్దించండి. మిగతావాటికి ఆ రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ పెట్టుకోండి.

అమ్మ కేసుకు ఆమె పేరున్న మీ బర్త్ సర్టిఫికెట్ కావాలి. నాన్న కేసుకు దానితోపాటు వాళ్లిద్దరి మ్యారేజ్ సర్టిఫికెట్ కూడా. ఎప్పటి పెళ్లయినా ఇప్పుడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించవచ్చు. పెళ్లి తేదీ మాత్రం అసలుదే రాయించండి.

అమ్మానాన్నల పుట్టుక రికార్డుల్లో లేకపోతే, పుట్టిన ఊరి మున్సిపాలిటీ లేదా పంచాయతీ పరిధిలో నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకోండి. దానికి స్కూల్ రికార్డు, వాళ్ల పుట్టుక తెలిసిన పెద్దల అఫిడవిట్లు జతచేయాలి. ఈ పెద్దలు వయసు మీద పడినవాళ్లు, అందుకే ఈ పని వాయిదా వేయకండి.

పిటిషన్, డబ్బు

2024 ఏప్రిల్ నుంచి ఐ-130 ఫీజు ఆన్‌లైన్‌లో 625 డాలర్లు, కాగితం మీద 675. కట్టే రోజున మళ్లీ సరిచూసుకోండి. ఆమోదం తర్వాత కేసు నేషనల్ వీసా సెంటర్‌కు వెళ్తుంది. అక్కడ వీసా ఫీజు ఒక్కొక్కరికి 325, ఆర్థిక హామీ పత్రాల పరిశీలనకు 120. ఆపై వీసా దరఖాస్తు ఫారం డీఎస్-260 నింపి స్కాన్‌లు ఎక్కించాలి. వాళ్లు మెయిల్ పంపాక ఏడాదిపాటు మీ వైపు నుంచి ఉలుకూపలుకూ లేకపోతే కేసు రద్దు కావచ్చు.

ఆర్థిక హామీ ఫారం పేరు ఐ-864. మీ ఆదాయం అమెరికా ప్రభుత్వ పేదరిక ప్రమాణానికి కనీసం 125 శాతం ఉండాలి. మీరు, జీవిత భాగస్వామి, ఒక బిడ్డ, అమ్మానాన్నలు కలిపి ఐదుగురైతే 2025 లెక్కన ఏడాదికి 47,062 డాలర్లు. తగ్గితే మరో పౌరుడో గ్రీన్‌కార్డుదారో జాయింట్ స్పాన్సర్‌గా సంతకం చేయవచ్చు. ఈ హామీ మామూలుగా అమ్మానాన్నలు పౌరులయ్యేదాకా, లేదా 40 క్వార్టర్ల (సుమారు పదేళ్ల) పని లెక్కలోకి వచ్చేదాకా నడుస్తుంది. సంతకం పెట్టేవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పండి.

ఇంటర్వ్యూ

హైదరాబాద్ వాళ్లకైనా ఇమిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూ సాధారణంగా ముంబైలోనే. పాస్‌పోర్ట్ సేవ ద్వారా పీసీసీ (పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్) తీసుకోండి. 16 ఏళ్లు నిండాక గల్ఫ్ వంటి చోట ఏడాది పైన ఉండుంటే అక్కడి పోలీస్ సర్టిఫికెట్ కూడా కావాలి. మెడికల్ ఆఖరి రోజుకు పెట్టుకోవద్దు: ఛాతీ ఎక్స్‌రేలో టీబీ అనుమానం వస్తే కఫం కల్చర్‌కే దాదాపు 8 వారాలు పోతాయి. వీసా చేతికి వచ్చేదాకా టికెట్లు కొనొద్దు, ఇల్లు అమ్మొద్దు.

దిగాక

కార్డు తయారీకి 235 డాలర్లు కట్టాలి. ప్రవేశ ముద్ర పడిన వీసా ఏడాదిపాటు గ్రీన్‌కార్డులా పనిచేస్తుంది. 6 నెలలు దాటి ఇండియాలో ఉంటే ప్రశ్నలు వస్తాయి, ఏడాది దాటితే కార్డుకే ప్రమాదం. ఎక్కువ కాలం వెళ్లాల్సి ఉంటే అమెరికాలో ఉండగానే రీఎంట్రీ పర్మిట్‌కు (తిరిగి రావడానికి అనుమతి పత్రం) అప్లై చేయాలి. రెండేళ్ల దాకా ఇస్తారు.

65 దాటినా పని చరిత్ర లేనివాళ్లు మెడికేర్ (పెద్దల ప్రభుత్వ ఆరోగ్య బీమా) కొనుక్కోవాలంటే ఐదేళ్ల నిరంతర నివాసం ఉండాలి. అప్పటిదాకా ప్రైవేటు ఇన్సూరెన్స్ ఖర్చు లెక్కేసుకోండి. ఇండియాలోని ఎఫ్‌డీ వడ్డీ, అద్దె కూడా అమెరికా టాక్స్ రిటర్న్‌లో చూపాలి. అక్కడి ఖాతాల మొత్తం ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాల రిపోర్టు) దాఖలు చేయాలి, అందులో జాయింట్ ఖాతాలూ కలుస్తాయి.