పరిహారం లెక్క కట్టే ముందు ప్రమాదం తేదీ చూడండి

2020 ఫిబ్రవరిలో చీమకుర్తి దగ్గర ఒక క్వారీలో రాయి జారిపడి మా మేనత్త కొడుకు పోయాడు. ముప్పై ఏళ్లు, నెలకు 18 వేల జీతం. పెద్దకర్మ కూడా కాకముందే పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి, ఓ లెక్క కాగితం మా అత్త చేతిలో పెట్టారు. 8,000లో సగం 4,000, దాన్ని ముప్పై ఏళ్ల వయసుకు చట్టంలో ఉన్న అంకె 207.98తో హెచ్చిస్తే 8,31,920 రూపాయలు. క్యాలిక్యులేటర్‌లో నేనే మూడుసార్లు కొట్టి చూశాను, హెచ్చింపు తప్పు లేదు. తప్పంతా ఆ 8,000లో ఉంది.

జీతం ఎంత ఉన్నా లెక్కలోకి తీసుకునేది ఒక పరిమితి వరకే. ఆ పరిమితి 2010లో 8,000, 2020 జనవరి 3 నుంచి 15,000. అంటే మావాడికి 7,500 ఇంటూ 207.98, మొత్తం 15,59,850. నెల దాటిందో లేదో, అంతకుముందు వచ్చిన ఒక్క గెజిట్ కాగితం చూడనందుకు 7,27,930 రూపాయలు పోయేవి. ఒంగోల్లో ఒక లాయరు గారు చూసి చెప్పబట్టి సరిపోయింది. చనిపోయిన కేసులో డబ్బు పరిహారం కేసులు చూసే కమిషనర్ దగ్గర డిపాజిట్ చేయాలి తప్ప కుటుంబం చేతికిచ్చి సంతకం పెట్టించుకుంటే అది పరిహారం ఇచ్చినట్టు కాదని కూడా అప్పుడే తెలిసింది. అప్పటినుంచి నేను ఈ మార్పుల్ని ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాను. మీరూ చేయొచ్చు, నెలకు అరగంట చాలు.

ప్రతి మార్పుకూ రెండు తేదీలు రాయండి, ఎప్పుడు పాసైంది, ఎప్పటి నుంచి అమలు. పని ప్రమాదాల పరిహారం కూడా ఉన్న కొత్త చట్టం, సామాజిక భద్రత కోడ్, 2020 సెప్టెంబరులో పాసైంది, అప్పటినుంచే వాట్సాప్‌లో "కొత్త చట్టం వచ్చేసింది" అని తిరుగుతూనే ఉంది, కానీ అమల్లోకి వచ్చింది 2025 నవంబరు 21న. మధ్యలో ఐదేళ్లు నడిచింది పాత 1923 ఉద్యోగుల పరిహార చట్టమే. ఏ ప్రమాదానికైనా అది జరిగిన రోజున ఉన్న చట్టం, ఆ రోజున ఉన్న అంకె వర్తిస్తాయి, కేసు వేసిన రోజువి కాదు. మొదటి పేజీలో ఇదే రాసిపెట్టుకోండి.

వయసు అంకె చట్టంలోనే ఉంటుంది కానీ, జీతం పరిమితి లాంటి అంకెలు చట్టం పుస్తకంలో వెతికితే దొరకవు, నోటిఫికేషన్లో ఉంటాయి. కేంద్ర ప్రభుత్వ ఈ-గెజిట్ సైట్లో కార్మిక శాఖ పేరు ఎంచుకుని ఆ నెలవి చూడండి. ఎస్.ఓ. అని ఉండేవాటిలో ఇలాంటి అంకెలు వస్తాయి, జి.ఎస్.ఆర్. అని ఉంటే ఎక్కువగా రూల్సు. కోడ్ వచ్చాక కూడా దానికి అడ్డురాని పాత నోటిఫికేషన్లు ఏడాది వరకు నడుస్తాయని కోడ్‌లోనే రాసుంది, కాబట్టి ఆ ఏడాదిలో మాత్రం ఒక్క నెల కూడా వదలొద్దు. రాష్ట్రం రూల్సుకి మన ఆంధ్రప్రదేశ్ కార్మిక శాఖ సైటు, రాష్ట్ర గెజిట్ విడిగా చూడాలి.

కోడ్‌తో జీతం అనే మాటకే అర్థం మారింది. స్లిప్పులో బేసిక్ 6,000, అలవెన్సులు 12,000 అని ఉందనుకోండి. అలవెన్సులు మొత్తంలో సగం, అంటే 9,000 దాటితే, దాటిన 3,000 జీతంలో కలిసి 9,000 అవుతుంది. బేసిక్ తగ్గించి చూపించే చోట ఇది చాలా పెద్ద తేడా, అందుకే స్లిప్పులు పారేయకండి. స్లిప్పే ఇవ్వని మేస్త్రీల దగ్గర పనిచేసేవాళ్లు కనీసం ఫోన్‌పేలో వచ్చిన డబ్బుల మెసేజ్‌లన్నా దాచండి.

తీర్పులు కూడా చట్టాన్ని మారుస్తాయి. చీకటితో బండి మీద డ్యూటీకి బయలుదేరి దారిలో పడిపోయినవాళ్లు మన చుట్టుపక్కల ఎంతమంది! పని చోట జరగలేదు కదా అని వాళ్లని పంపించేసేవాళ్లు. డ్యూటీకి వెళ్తూ దారిలో చనిపోయిన ఒక చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్ కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు పరిహారం ఇవ్వాలని చెప్పింది, 1923 చట్టం కిందే. ప్రమాదం జరిగింది 2003లో, ఆ కుటుంబం ఇరవై రెండేళ్లు తిరిగింది. రాకపోకల్లో ప్రమాదం, పనితో సంబంధం చూపించగలిగితే, పని ప్రమాదమేనని ఇప్పుడు కోడ్‌లోనూ రాసుంది. కాబట్టి ఎన్ని గంటలకు బయలుదేరారో, ఏ షిఫ్టో తెలిపే కాగితం ఏదైనా జాగ్రత్త చేయండి.

ఈఎస్ఐ కార్డు ఉన్నవాళ్ల దారి వేరు, వాళ్లకు యజమాని కాకుండా ఈఎస్ఐ ఇస్తుంది. 2017 నుంచి దాని జీతం పరిమితి 21,000, అది మారిందేమో కూడా ఆ నోటుబుక్కులోనే ఒక మూల రాసుకోండి.

మీ చేతికి ఎవరైనా లెక్క కాగితం ఇస్తే మూడే చూడండి, ప్రమాదం తేదీ, జీతం అంకె, వయసు అంకె. ఏది తేడాగా అనిపించినా సంతకం పెట్టకుండా ఫోటో తీసుకోండి. లాయరుకి డబ్బుల్లేవని ఆగొద్దు, 15100కి ఫోన్ చేస్తే న్యాయ సేవల వాళ్లు ఉచితంగా సాయం చేస్తారు, దరఖాస్తుకు గడువు రెండేళ్లు. ఆ గడువూ ప్రమాదం జరిగిన రోజు నుంచే, మనిషి చనిపోతే చనిపోయిన రోజు నుంచి మొదలవుతుంది.