మా చిట్టి తొడ మీద ఎర్ర మచ్చ: నా అనుభవం

హనుమకొండలో ముసురు పట్టిన వారం. భద్రకాళి చెరువు కట్ట మీద తడిసి వచ్చిన మా కుక్క చిట్టి రాత్రంతా తొడ నాకుతూనే ఉంది. పొద్దున వెంట్రుకలు పక్కకు తీసి చూస్తే రూపాయి బిళ్లంత ఎర్ర మచ్చ, జిగటగా, తడితడిగా. ముట్టుకుంటే వేడి. నాకు ఒకటే టెన్షన్.

పక్కింటి అమ్మమ్మ "పసుపు, కొబ్బరినూనె కలిపి పెట్టు బిడ్డా" అన్నది. ప్రేమతో చెప్పిన మాటే, కానీ నేను పెట్టలేదు. నూనె రాస్తే తడి లోపలే ఉండిపోతుంది. పైగా కుక్క ఏది పూసినా నాకేస్తుంది; మనం వాడే క్రీముల్లో జింక్ ఆక్సైడ్ ఉంటే అది కడుపులోకి పోతే విషమే.

ముందు చుట్టూ వెంట్రుకలు ట్రిమ్మర్‌తో తీసేశాను. కత్తెర వద్దు, చర్మం తెగుతుంది. అర లీటరు నీళ్లు మరిగించి, ఒక చెంచా ఉప్పు వేసి, చల్లారాక శుభ్రమైన గుడ్డతో మెల్లగా అద్దాను. రుద్దలేదు. తర్వాత పొడి గుడ్డతో ఒత్తి, ఫ్యాన్ కింద కూర్చోబెట్టాను. రోజుకు మూడుసార్లు ఇదే పని. అసలు పని చేసింది మాత్రం, నోరు మచ్చకు అందకుండా మెడకు కట్టిన ప్లాస్టిక్ కోన్. నాకడం ఆగకపోతే ఏ మందూ నిలవదు. పాపం, రెండు రోజులు గోడలకు గుద్దుకుంటూ తిరిగింది.

మూడో రోజుకు మచ్చ ఎండి పక్కు కట్టింది. చీము కారినా, వాసన వచ్చినా, మచ్చ పెరిగినా ఆ రోజే పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లేదాన్ని.