దగ్గితే చుక్కలు పడుతున్నాయా? కీగెల్ చేస్తున్నా తగ్గట్లేదా?

సమస్య: దగ్గినా, తుమ్మినా, బిందె ఎత్తినా, నాట్లలో వంగి లేచినా మూత్రం చుక్కలు పడుతుంది. మూడు నెలలుగా కీగెల్ వ్యాయామం, అంటే మూత్రాన్ని ఆపుకునే అడుగు కండరాన్ని బిగించి వదలడం, చేస్తున్నారు. తేడా లేదు, లేదా ఇంకా ఎక్కువైంది.

ముందు ఇవి చూడండి: మూత్ర పరీక్ష, షుగర్ పరీక్ష. భీమవరమైనా అమలాపురమైనా ల్యాబులో ఒక్క పూట పని. ఇన్ఫెక్షన్ ఉన్నా, షుగర్ అదుపు తప్పినా వ్యాయామం ఒక్కటే సరిపోదు. రోజూ ముక్కితే గానీ విరేచనం అవ్వదంటే ముందు దాని సంగతి చూడాలి. బీపీకి నీరు లాగే మాత్ర వేసుకుంటుంటే డాక్టరుకి చెప్పండి, మీరే మానేయకండి. చేలో మరుగు లేదని పొద్దంతా నీళ్ళు తాగకుండా ఉండేవాళ్ళూ ఉన్నారు. చుట్టూ కాలవలే, తాగేది గ్లాసుడు! మూత్రం చిక్కబడి సంచిని ఇంకా రేపుతుంది. ఇవేవీ చూసుకోకుండా "మీ ఎక్సర్‌సైజులు పనిచెయ్యలేదండీ" అంటే వాటిని నేర్పే నేనేం చెప్పను?

అసలు దొంగ కారణం: పైకి లాగాల్సిన కండరాన్ని కిందికి తోయడం.

దీని దగ్గర నేనూ దెబ్బతిన్నాను. పాలకొల్లు వైపు నుంచి ఒకావిడ వచ్చేవారు, ముగ్గురు పిల్లల తల్లి. రోజూ శ్రద్ధగా చేసేవారు. తగ్గట్లేదంటే లెక్క పెంచాను. నాలుగో నెలలో "ఇప్పుడు నడిచినా పడుతోందండీ" అన్నారు. అప్పుడు గానీ పరీక్షించి చూడలేదు. నేను "బిగించండి" అన్న ప్రతిసారీ ఆవిడ ఊపిరి బిగబట్టి, కాన్పులో ముక్కినట్టు ముక్కుతున్నారు. అంటే నాలుగు నెలలు తప్పు పనిని నేనే దగ్గరుండి చేయించాను. మొదటి రోజే చూడాల్సింది.

మీరే చూసుకోవచ్చు. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, చిన్న అద్దం పట్టుకోండి. బిగించినప్పుడు యోనికీ మలద్వారానికీ మధ్య భాగం లోపలికి, పైకి పోవాలి. బయటికి ఉబ్బితే తోస్తున్నట్టే. అద్దమంటే సిగ్గయితే తువ్వాలు గట్టిగా చుట్టి, దాన్ని కాళ్ళ మధ్య ఉంచుకుని కుర్చీలో కూర్చోండి. బిగిస్తే తువ్వాలు మీద నుంచి లేచినట్టుండాలి, దాన్ని నొక్కినట్టు కాదు. పైకి అంకెలు లెక్కపెట్టండి. మాట ఆగిందంటే ఊపిరి బిగబట్టారన్నమాట.

సరిచేయడం: "బిగించు" అన్న మాట మర్చిపోండి. పేరంటంలో నలుగురి మధ్య గ్యాస్ వస్తే ఎలా ఆపుకుంటారో అలా చేయండి. ఈ మాట చెబితే చాలామందికి వెంటనే దారి దొరుకుతుంది. పొట్ట, తొడలు, పిరుదులు వదులుగా ఉండాలి. పడుకుని చేయడం కుదిరాక కూర్చుని, ఆ తర్వాత నిలబడి చేయండి. రోజుకి మూడు పూటలా, పూటకి కనీసం 8 సార్లు. ప్రతిసారీ పట్టినంతసేపు పూర్తిగా వదలాలి. సరైన పద్ధతికి వచ్చిన రోజు నుంచి మూడు నెలలు లెక్కేసుకోండి, పాత నెలలు కలపకండి. కుదిరాక దగ్గు వచ్చే ముందు, బిందె ఎత్తే ముందు ఒకసారి పైకి లాగి పట్టండి. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడం మాత్రం రోజువారీ సాధనగా వద్దు.

మిగతావి: మూత్రం తొందరై, తలుపు గడియ తీసేలోపే కారిపోతే అది వేరే రకం, దానికి మూత్రానికి వెళ్ళే వ్యవధిని మెల్లగా పెంచే సాధన కూడా కావాలి. కండరం ఎప్పుడూ బిగుసుకుపోయి నొప్పి పెట్టే వాళ్ళు కొద్దిమంది, వాళ్ళకి ముందు వదలడం నేర్పాలి. కిందికి ఏదో జారినట్టుంటే గైనకాలజిస్టుకి చూపించుకోండి. మూత్రంలో రక్తం కనిపిస్తే వ్యాయామం సంగతి తర్వాత, ముందు డాక్టరు. కాళ్ళ మధ్య తిమ్మిరెక్కి మూత్రం రాకుండా ఆగిపోతే గంట కూడా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్ళండి.