ట్యూబుల్లో గట్టిపడిన స్కేల్‌ను హై ప్రెషర్ నీటితో తీయడం ఎలా?

పంపు బాగానే ఉంటుంది, వాల్వులన్నీ తెరిచే ఉంటాయి, అయినా హీట్ ఎక్స్‌ఛేంజర్ (ఒక ద్రవం వేడిని ట్యూబు గోడల ద్వారా ఇంకోదానికి మార్చే యంత్రం) నుంచి బయటికొచ్చేది చల్లబడాల్సినంత చల్లబడదు. అప్పుడు అనుమానించాల్సింది ట్యూబుల లోపలి గోడలను. నీటిలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ వేడికి విడిపోయి కాల్షియం కార్బొనేట్‌గా మారుతుంది. పంచదార వేడి నీళ్లలో ఎక్కువగా కరుగుతుంది కదా, కాల్షియం కార్బొనేట్ సరిగ్గా దానికి వ్యతిరేకం. వేడి పెరిగేకొద్దీ తక్కువ కరుగుతుంది. అందుకే ట్యూబులో బాగా వేడెక్కే గోడనే పట్టుకుని, పొర మీద పొరగా రాయిలా తయారవుతుంది. దీన్నే స్కేల్ అంటారు. కార్బన్ స్టీలుతో పోలిస్తే ఈ పొర వేడిని ప్రసరింపజేసే శక్తి ఎంత తక్కువంటే, ఒక్క మిల్లీమీటరు స్కేల్ 15 మిల్లీమీటర్లకు మించిన స్టీలు గోడంత అడ్డు పడుతుంది.

ఈ పొరను నీటి జెట్‌తో తీసే పద్ధతిని ఇక్కడ వివరంగా చెబుతున్నాను. ఒక మాట ముందే చెప్పాలి. ఇది శిక్షణ పొందిన సిబ్బంది మాత్రమే చేయాల్సిన పని. చేయించేవాళ్లకు, పర్యవేక్షించేవాళ్లకు, ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లకు ప్రతి మెట్టు వెనక ఉన్న కారణం తెలియాలన్నదే నా ఉద్దేశం.

స్కేల్ ఏ రకమో చూడండి

చాలామంది నేరుగా పంపు దగ్గరికి పోతారు. నా దృష్టిలో మొదటి పని అది కాదు. ట్యూబు మూతి దగ్గర నుంచి చిన్న పెచ్చు ఒకటి ఊడదీయండి. దాని మందం చూడండి, గోరుతో గీరితే రాలుతోందో లేదో చూడండి. కూలింగ్ వాటర్ నడిచే ట్యూబులైతే గ్లవ్స్, కళ్లజోడు పెట్టుకుని, గాలి బాగా ఆడే చోట ఆ పెచ్చు మీద పలచని హైడ్రోక్లోరిక్ యాసిడ్ రెండు చుక్కలు వేయండి. బుసబుసా పొంగితే అందులో కార్బొనేట్ ఉన్నట్టు. అది పెళుసు పదార్థం, జెట్ తగిలితే పగిలి వచ్చేస్తుంది. పొంగకపోతే కాల్షియం సల్ఫేటో సిలికానో అయి ఉండొచ్చు. సిలికా అన్నిటికంటే మొండిది. దానికి ఒత్తిడి బాగా పెంచాలి, లేదా ముందు రసాయనంతో మెత్తబరచాలి.

చమురు, గ్యాస్ సంబంధిత ట్యూబుల నుంచి తీసిన నమూనా మీద మాత్రం యాసిడ్ వేయొద్దు. అందులో ఐరన్ సల్ఫైడ్ ఉంటే విషపూరితమైన హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు వస్తుంది. దాన్ని ల్యాబ్‌కు పంపండి.

యంత్రాన్ని వేరు చేయండి

వాల్వు మూస్తే సరిపోదు. లైన్లకు బ్లైండ్లు (దారిని పూర్తిగా మూసే లోహపు పలకలు) వేసి, కరెంటు సరఫరాకు తాళం, ట్యాగ్ పెట్టి, లోపలి ఒత్తిడి పూర్తిగా వదిలి, ద్రవం అంతా డ్రెయిన్ చేయాలి. గ్యాస్ టెస్ట్ అయ్యాకే రెండు వైపులా కవర్లు విప్పాలి. ఇంతకుముందు లీకై ప్లగ్ కొట్టిన ట్యూబులుంటే రంగుతో గుర్తు పెట్టండి. ట్యూబు లోపలికి బోరోస్కోప్ (సన్నని గొట్టం చివర ఉండే కెమెరా) దించి ఒకసారి చూడటం మంచిది. గోడ గుంతలు పడి పలచబడి ఉంటే, ఆ రంధ్రాలను మూసి ఉంచింది స్కేలే కావచ్చు. అది ఊడగానే లీకు బయటపడుతుంది. దాన్ని జెట్ చేసిన నష్టమనుకోవద్దు, ట్యూబు ముందే పాడైంది.

నాజిల్, ప్రవాహం, ఆ తర్వాతే ఒత్తిడి

ఈ రంగంలో తరచూ వినిపించే అంకె 10,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో ఒత్తిడి), అంటే సుమారు 690 బార్. ఒక బార్ దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత. ఆ ఒత్తిడిలో చిన్న రంధ్రం నుంచి దూకే నీటి వేగం సెకనుకు 370 మీటర్లు ఉంటుంది. గాలిలో శబ్దం కంటే ఎక్కువ. మొండి స్కేల్‌కు 20,000, అవసరమైతే 40,000 పీఎస్ఐ దాకా కూడా వెళ్తారు.

స్కేల్ కదలకపోతే వెంటనే ఒత్తిడి పెంచాలనిపిస్తుంది. ఆగి ఆలోచించండి. పంపు దగ్గర గేజ్ చూపించేది పంపు దగ్గరి ఒత్తిడే. హోస్ సన్నగా, పొడవుగా ఉంటే దారిలోనే చాలా భాగం పోతుంది. హోస్ లోపలి వ్యాసం కొద్దిగా పెంచినా ఆ నష్టం బాగా తగ్గుతుంది. రెండోది ప్రవాహం. ఒత్తిడి స్కేల్‌ను పగలగొడుతుంది, కానీ పగిలిన ముక్కలను బయటికి మోసుకొచ్చేది నీటి పరిమాణమే. నీరు చాలకపోతే ముక్కలు నాజిల్ (నీరు దూకే సన్నని రంధ్రాలున్న కొన) వెనక చేరి దాన్ని ఇరికించేస్తాయి. మూడోది నాజిల్ సైజు. ట్యూబుకు బిగుతుగా సరిపోయే నాజిల్ వాడితే నీరు తిరిగొచ్చే దారి ఉండదు, లోపల ఒత్తిడి పెరిగి లాన్స్‌ను (నాజిల్‌ను ట్యూబులోకి తీసుకెళ్లే పొడవైన గొట్టం) వెనక్కి ఎగదన్నవచ్చు. చుట్టూ తగినంత ఖాళీ ఉండాలి. పూర్తిగా మూసుకుపోయిన ట్యూబును తెరవడానికి ముందుకు కొట్టే రంధ్రాలు కావాలి. గోడ మీది పొరకు పక్కలకు, వెనక్కి కొట్టే రంధ్రాలో, తిరిగే నాజిలో కావాలి.

వంపు లేని ట్యూబులకు గట్టి లాన్స్ పనికొస్తుంది. యూ ఆకారపు ట్యూబులకు వంగే లాన్స్ తప్పనిసరి. స్టెయిన్‌లెస్ స్టీలు ట్యూబులైతే క్లోరైడ్ తక్కువగా ఉన్న నీరే వాడండి, లేదంటే తర్వాత పగుళ్లు పుట్టే ప్రమాదం ఉంది. పంపులోకి వెళ్లే నీటిని కచ్చితంగా ఫిల్టర్ చేయండి, ఒక్క ఇసుక రేణువు చాలు నాజిల్ రంధ్రం మూసుకుపోవడానికి.

నీరు వదిలే ముందు

ఎక్స్‌ఛేంజర్ రెండు చివరలా బారికేడ్ పెట్టండి. అవతలి చివరను మర్చిపోతుంటారు, జెట్ అక్కడి నుంచే బయటికి దూసుకొస్తుంది. ఆ వైపు అడ్డు పలక ఉండాలి, మనిషి ఉండకూడదు.

వంగే లాన్స్‌లో నాజిల్‌కు కాస్త వెనక, నాజిల్ ఇంకా ట్యూబులోనే ఉండగా కనిపించేలా, హోస్ మీద రంగు టేపుతో స్పష్టమైన గుర్తు చుట్టండి. లాన్స్ వెనక్కి లాగేటప్పుడు ఆ టేపు కనిపించిందంటే నాజిల్ మూతి దగ్గరికొచ్చినట్టే, వెంటనే ఒత్తిడి ఆపాలి. టేపు ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. లాన్స్ వెనక్కి ఎగిరి రాకుండా ఆపే క్లాంపు కూడా బిగించాలి. నాజిల్‌కు, హోస్‌కు మధ్య ట్యూబు వ్యాసం కంటే పొడవైన గట్టి ముక్క ఉండాలి, అప్పుడే నాజిల్ లోపల వెనక్కి తిరగలేదు.

ఒత్తిడి ఆపే పెడల్ లాన్స్ పట్టుకున్నవాళ్ల కాలి కిందే ఉండాలి. కాలు తీయగానే ఒత్తిడి పడిపోవాలి. పెడల్‌ను కట్టేసి పని చేయడం నేరంతో సమానం. నాజిల్ బిగించక ముందే లైన్‌లో నీరు వదిలి గాలి, చెత్త బయటికి పంపండి. తర్వాత నాజిల్ బిగించి, తక్కువ ఒత్తిడిలో జాయింట్లన్నీ చూసుకోండి. కారుతున్న జాయింట్‌ను ఒత్తిడి ఉండగా బిగించకండి, చేతితో తడిమి చూడకండి.

నిమిషానికి 40 లీటర్లు, 700 బార్ దగ్గర ముందుకు మాత్రమే కొట్టే నాజిల్ మనిషిని వెనక్కి తోసే బలం సుమారు 25 కిలోల బరువంత. జారే నేల మీద అంత బలాన్ని ఎక్కువసేపు ఆపలేరు. వీలైతే లాన్స్‌ను యంత్రంతో నడిపించి, మనిషిని జెట్‌కు దూరంగా ఉంచడమే మేలని నా అభిప్రాయం.

ట్యూబు తర్వాత ట్యూబు

పై వరుస నుంచి మొదలుపెట్టండి, మురికి కింద మిగిలిన వరుసల మీద పడుతుంది కాబట్టి. నాజిల్‌ను ట్యూబులోకి కొంత దూరం పెట్టాకే పెడల్ నొక్కండి. నెమ్మదిగా ముందుకు పంపండి. అడ్డు తగిలితే బలవంతంగా తోయకుండా కొంచెం వెనక్కి లాగి, వదులైన ముక్కలు బయటికి పోనిచ్చి, మళ్లీ పంపండి. బయటికొచ్చే నీటిని గమనిస్తూ ఉండండి. మొదట తెల్లగా, పెచ్చులతో, చిక్కగా వస్తుంది, పోను పోను తేటబడుతుంది. నీరు రావడం ఒక్కసారిగా తగ్గిందంటే దారి మూసుకుపోయిందని అర్థం, వెంటనే పెడల్ వదలండి. అయిపోయిన ప్రతి ట్యూబు మూతి దగ్గర గుర్తు పెట్టండి.

జెట్ ఒంటికి తగిలితే

పైకి చీమ కుట్టినంత గాయమే కనిపిస్తుంది, రక్తం కూడా పెద్దగా రాదు. కానీ నీరు, మురికి, క్రిములు చర్మం కింద లోతుగా దూరిపోయి ఉంటాయి. నొప్పి లేదని ఇంటికి పంపేయకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి, ఇది హై ప్రెషర్ ఇంజెక్షన్ గాయమని, ఎంత ఒత్తిడో, నీటిలో ఏమేం కలిసి ఉన్నాయో డాక్టరుకు చెప్పండి. ఆలస్యమైతే వేళ్లు, చేతులు తీసేయాల్సి రావచ్చు. ఈ వివరాలున్న కార్డు ఒకటి ప్రతి ఒక్కరి జేబులో ఉండాలి. జెట్‌ను తట్టుకునే సూటు, ముఖానికి షీల్డు, పాదం పైభాగాన్ని కూడా కాపాడే బూట్లు, చెవులకు రక్షణ లేకుండా ఎవరూ బారికేడ్ దాటకూడదు.

ముగించేటప్పుడు

ఒక చివర లైటు పెట్టి రెండో చివర నుంచి చూడండి. లోపల గోడ ఒకే తీరుగా లోహంలా కనిపించాలి. సందేహమున్నవాటిలోకి మళ్లీ బోరోస్కోప్ దించండి. స్టెయిన్‌లెస్ ట్యూబుల్లో తడి నిలవకుండా గాలితో ఆరబెట్టండి. వచ్చిన మురికి నీటిని పరీక్షించకుండా కాలువలో వదలకండి, స్కేల్‌తో పాటు లోహాలు, చమురు కూడా అందులో ఉండొచ్చు.

కొత్త గాస్కెట్లు వేసి, బోల్టులను ఎదురెదురుగా బిగించుకుంటూ వచ్చి, ప్రెషర్ టెస్ట్ చేయండి. యూనిట్ మళ్లీ నడిచిన మొదటి రోజే లోపలికి, బయటికి వెళ్లే ఉష్ణోగ్రతలు, రెండు చివరల మధ్య ఒత్తిడి తేడా రాసిపెట్టుకోండి. ఆ అంకెలు ఎంత దూరం జరిగితే మళ్లీ యూనిట్ ఆపాలో కూడా అప్పుడే నిర్ణయించుకోండి.