ఆస్ట్రేలియాలో డిగ్రీ తర్వాత మెడిసిన్: కోచింగ్‌కి డబ్బు కట్టేముందు ఇవి చూసుకోండి

ముందే చెప్తున్నా, ఇది ఇండియాలో ఎంబీబీఎస్ చేసి వచ్చినవాళ్ళకి కాదు. వాళ్ళ దారి వేరు, ఆస్ట్రేలియన్ మెడికల్ కౌన్సిల్ పరీక్షలు రాసుకుని హాస్పిటల్ ఉద్యోగం వెతుక్కోవాలి. ఇక్కడ పన్నెండో క్లాసు చదివే పిల్లలకి కూడా కాదు, వాళ్ళు యూక్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాసి నేరుగా వెళ్తారు. బీఫార్మసీయో, నర్సింగో, బీఎస్సీనో, చివరికి బీటెక్ అయినా సరే, ఒక డిగ్రీ చేతిలో పెట్టుకుని నాలుగేళ్ళ ఎండీలో చేరదామనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. ఇక్కడి ఎండీ మన ఎంబీబీఎస్ లాంటి మొదటి డాక్టరు డిగ్రీయే, పీజీ కాదు. ఊళ్ళో అమ్మానాన్నలకి ఈ ముక్క ముందే చెప్పేయండి, లేకపోతే నాలుగేళ్ళయ్యాక "స్పెషలిస్ట్ అయిపోయాడు" అని అందరికీ చెప్పేసుకుంటారు.

మనవాళ్ళు చేసే మొదటి పని గామ్‌శాట్ (డిగ్రీ అయినవాళ్ళు ఈ ఎండీ కోసం రాసే ప్రవేశ పరీక్ష) కోచింగ్ ఎక్కడ బాగుంటుందో అడగడం. నీట్, ఎంసెట్ అలవాటు కదా, పరీక్ష రాసి ర్యాంకు తెచ్చుకుంటే సీటు వస్తుందని మనసులో ఉండిపోతుంది. ఇక్కడ పరీక్ష మూడో వంతు విషయం మాత్రమే. పుస్తకాలు కొనేముందు మూడు కాగితాలు టేబుల్ మీద పెట్టుకుని కూర్చోండి: వీసా గ్రాంట్ లెటర్, డిగ్రీ మార్కుల మెమోలు, ఇక్కడికి వచ్చినప్పటి నుంచి ఏ ఊళ్ళో ఎన్నాళ్ళున్నారో రాసుకున్న చిట్టా. ఈ మూడూ చూస్తే మీరు ఏ స్కూలుకి అప్లై చేయాలో, అసలు ఈ ఏడాది చేయాలా వద్దా అనేది సగం తేలిపోతుంది.

వీసా సంగతి ముందు. ప్రభుత్వం ఫీజులో పెద్ద భాగం భరించే సీట్లని సీఎస్‌పీ అంటారు. అవి పౌరులకీ, పీఆర్ ఉన్నవాళ్ళకీ, న్యూజిలాండ్ పౌరులకీ మాత్రమే. స్టూడెంట్ వీసా, 485, 482, 491 లాంటి తాత్కాలిక వీసాల్లో ఏది ఉన్నా యూనివర్సిటీ దృష్టిలో మీరు ఇంటర్నేషనల్. ఆ సీట్లు వేరు, ఫీజు వేరు, చాలా చోట్ల వాళ్ళ దగ్గర గామ్‌శాట్ బదులు అమెరికా ఎంక్యాట్ స్కోరు కూడా తీసుకుంటారు. ఇక్కడిదాకా చాలామందికి తెలుసు. తెలియనిది ఏంటంటే, పీఆర్ వచ్చినంత మాత్రాన హెక్స్ లోన్, అంటే ఫీజు కట్టడానికి ప్రభుత్వం ఇచ్చే అప్పు, రాదు. సీఎస్‌పీ సీటు వస్తుంది కానీ మీ వాటా ఫీజు, ఏడాదికి సుమారు 13 వేల డాలర్లు, సెమిస్టర్ సెమిస్టర్‌కీ చేతి నుంచి కట్టాలి. ఆ లోన్ పౌరులకీ, హ్యుమానిటేరియన్ వీసా మీద శాశ్వతంగా వచ్చినవాళ్ళకీ, కొన్ని షరతుల మీద కొందరు న్యూజిలాండ్ వాళ్ళకీ. కాబట్టి పీఆర్ వచ్చి ఏడాదికి దగ్గరపడి, మొత్తం మీద ఇక్కడ నాలుగేళ్ళు నిండుతుంటే, సిటిజన్‌షిప్ అప్లికేషన్ సంగతి కూడా ఇదే క్యాలెండర్‌లో రాసుకోండి. ఇంటి లోను, పిల్లల చైల్డ్‌కేర్ ఉన్నవాళ్ళకి హెక్స్ ఉండటం, లేకపోవడం చిన్న తేడా కాదు.

ఇక మార్కులు. ఇక్కడ జీపీఏ 7కి లెక్క. హై డిస్టింక్షన్‌కి 7, డిస్టింక్షన్‌కి 6, క్రెడిట్‌కి 5, పాస్‌కి 4. చాలా స్కూళ్ళు చివరి మూడేళ్ళ చదువునే చూస్తాయి, అందులోనూ కొన్ని స్కూళ్ళు చివరి ఏడాదికి మూడింతలు, దానికి ముందు ఏడాదికి రెండింతలు బరువిస్తాయి. మొదటేడు ర్యాగింగో హోమ్‌సిక్కో ఏదో కారణంతో మార్కులు పోయినవాళ్ళకి ఇది మంచి వార్త. చెడ్డ వార్త ఏంటంటే సాధారణంగా డిగ్రీ గత పదేళ్ళలోపు పూర్తయ్యుండాలి. 2011లో బీటెక్ అయి, పన్నెండేళ్ళు ఐటీలో చేసి, ఇప్పుడు డాక్టరవుదామనుకుంటే వయసు అడ్డం కాదు, ఎందుకంటే పై వయోపరిమితి లేదు. పాత డిగ్రీయే అడ్డం. మళ్ళీ కొంత చదివి లెక్క కొత్తగా మొదలుపెట్టుకోవాలి, ఏ కోర్సు లెక్కలోకి వస్తుందో ఆ ఏటి అప్లికేషన్ గైడ్ చూసి మరీ చేరండి. ఇక్కడ చేసిన మాస్టర్స్ మార్కులు జీపీఏలో కలుస్తాయని మాత్రం అనుకోవద్దు. ఇండియా డిగ్రీ అయితే అది ఆస్ట్రేలియా బ్యాచిలర్స్‌తో సమానమేనా అనేది ఇంకో మెట్టు, ముఖ్యంగా మూడేళ్ళ బీఎస్సీ వాళ్ళు ఈ ప్రశ్న ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. "మా కజిన్‌కి ఒప్పుకున్నారు" అన్నది జవాబు కాదు.

ఇప్పుడు గామ్‌శాట్. ఏసీఈఆర్ అనే సంస్థ ఏడాదికి రెండుసార్లు, మార్చిలో, సెప్టెంబరులో పెడుతుంది. ఫీజు ఐదు వందల డాలర్లకి పైనే. ఫలితం నాలుగేళ్ళు చెల్లుతుంది, తప్పు జవాబుకి మైనస్ లేదు కాబట్టి ఖాళీగా ఏదీ వదలొద్దు. మొదటి సెక్షన్ చదివి అర్థం చేసుకోవడం, కవితలు, కార్టూన్లు, నవలల్లోంచి తీసిన ముక్కలు. రెండోది రెండు వ్యాసాలు. మూడోది సైన్సు: కెమిస్ట్రీ 40 శాతం, బయాలజీ 40, ఫిజిక్స్ 20. మామూలు లెక్కలో మూడో సెక్షన్‌కి రెండింతల బరువు, కానీ మెల్‌బోర్న్ యూనివర్సిటీ లాంటి చోట మూడింటినీ సమానంగా చూస్తారు. చాలా స్కూళ్ళకి ప్రతి సెక్షన్‌లోనూ కనీసం 50 ఉండాలి.

ఆ 50 దగ్గరే మనవాళ్ళకి దెబ్బ తగిలేది. బైపీసీ, ఎంపీసీ నేపథ్యం ఉంది కదా, మూడో సెక్షన్‌లో 75 తెచ్చేసుకుంటే మిగతావి కవరైపోతాయని లెక్కేస్తారు. కవరవ్వవు. రెండో సెక్షన్‌లో 48 వస్తే ఆ 75 పక్కన పెట్టుకుని చూసుకోవడానికే. వ్యాసాలకి ఇచ్చేది ఓ నాలుగైదు కొటేషన్లు, ఒక సెట్ సమాజం గురించి, ఇంకోటి మనుషుల మధ్య సంబంధాల గురించి ఉంటుంది, ఏదో ఒక ఆలోచన పట్టుకుని గంటలో రెండూ రాసేయాలి. ఇంటర్‌లో గాంధీ మీదా పర్యావరణం మీదా బట్టీపట్టిన వ్యాసాల్లా రాస్తే మార్కులు రావు. వాళ్ళకి కావాల్సింది మీరు ఒక విషయం మీద నిజంగా ఏమనుకుంటున్నారు, ఎదుటి వాదన విన్నాక కూడా అలాగే అనుకుంటున్నారా అన్నది. నా సలహా, కోచింగ్ డబ్బులో సగం పెట్టి వారానికి రెండు వ్యాసాలు దిద్దిపెట్టే మనిషిని వెతుక్కోండి. మంచి ఇంగ్లిష్ టీచరైతే చాలు, డాక్టరే అక్కర్లేదు. సైన్సు సెక్షన్ కూడా జ్ఞాపకశక్తి పరీక్ష కాదు, తెలియని ప్రయోగం గురించి ఒక పేరా, ఒక గ్రాఫ్ ఇచ్చి అందులోంచే తేల్చమంటారు. గైటన్ ఫిజియాలజీ పాఠ్యపుస్తకం మొదటి పేజీ నుంచి చదివే పని పెట్టుకోకండి.

స్కోరు శాతం కాదని గుర్తుంచుకోండి. 62 వచ్చిందని ఇంట్లో చెబితే "అంతేనా" అంటారు, కానీ ఇక్కడ 60లు దాటి పైకెళ్ళే ప్రతి పాయింటూ చాలామందిని వెనక్కి నెడుతుంది. 60ల మధ్య నుంచి పైన ఉంటే చాలా స్కూళ్ళలో పోటీలో ఉన్నట్టే అనుకోవచ్చు.

అప్లికేషన్ ఎక్కువ స్కూళ్ళకి ఒకటే, జెమ్సాస్ అనే ఉమ్మడి పోర్టల్. మెల్‌బోర్న్, క్వీన్స్‌లాండ్, డీకిన్, వొలంగాంగ్, గ్రిఫిత్, మెక్వారీ, నోటర్‌డామ్, ఏఎన్‌యూ లాంటివి అందులో ఉన్నాయి, సిడ్నీ, ఫ్లిండర్స్ విడిగా. మే మొదట్లో తెరుచుకుని నెలాఖరుకో కాస్త అటూ ఇటూగానో మూసేస్తారు. అందుకే మార్చి పరీక్షే ఆఖరి అవకాశం, సెప్టెంబరుది రాస్తే ఆ స్కోరు వచ్చే ఏడాదికి. ప్రిఫరెన్సులు ఆరు దాకా పెట్టొచ్చు గానీ ఇంటర్వ్యూ పిలుపు ఒక్క చోటి నుంచే వస్తుంది. కాబట్టి ఎంసెట్ వెబ్ ఆప్షన్లలా పేరున్న కాలేజీలు వరసగా పెట్టేయడం ఇక్కడ పనికిరాదు. మీ దగ్గర ఉన్నది ఏ స్కూలు ఎక్కువ లెక్కేస్తుందో దాన్ని ముందు పెట్టాలి. సిడ్నీ ఇటీవలి సంవత్సరాల్లో జీపీఏ 5.0 దాటితే చాలని ఆ తర్వాత గామ్‌శాట్ మీదే వడబోస్తోంది, అంటే జీపీఏ మామూలుగా ఉండి పరీక్ష బాగా రాసినవాళ్ళకి అది తలుపు. ఫ్లిండర్స్‌లో ఎక్కువ సీట్లు తమ సొంత డిగ్రీ వాళ్ళకే. డీకిన్ గ్రామీణ నేపథ్యానికీ, ముందు హెల్త్‌కేర్‌లో పనిచేసినదానికీ బోనస్ ఇస్తుంది, నర్సులు, ఫార్మసిస్టులు ఇది వదులుకోవద్దు. క్వీన్స్‌లాండ్ డిగ్రీలో కొన్ని బయాలజీ సబ్జెక్టులు ఉండాలంటుంది, బీటెక్ వాళ్ళు ముందే చూసుకోండి. రూల్స్ ఏటా కాస్త కాస్త మారతాయి, మూడేళ్ళ కింద చేరిన సీనియర్ చెప్పిన లెక్క ఈ ఏడాదికి పనికొస్తుందన్న గ్యారంటీ లేదు.

గ్రామీణ నేపథ్యం అన్నాను కదా, అందులో మనవాళ్ళు పొరబడే చోటు ఒకటుంది. 491 అనే రీజినల్ వీసా మీద అడిలైడ్‌లోనో జిలాంగ్‌లోనో ఉన్నవాళ్ళు "మేం రీజినల్‌లోనే ఉన్నాం" అనుకుంటారు. ఇమ్మిగ్రేషన్ వాళ్ళ రీజినల్ వేరు, మెడికల్ స్కూళ్ళ రూరల్ వేరు. స్కూళ్ళు చూసేది మోనాష్ మోడల్ అనే 1 నుంచి 7 వరకు ఉన్న వర్గీకరణ, అందులో 2 నుంచి 7 లోపు ఊళ్ళు కావాలి. అడిలైడ్, జిలాంగ్, పెర్త్ 1లో ఉంటాయి. బెండిగో, టువూంబ లాంటివి 2 కిందకి వస్తాయి. సాధారణంగా అడిగేది ప్రైమరీ స్కూలు వయసు నుంచి మొత్తం పదేళ్ళు, లేదా వరసగా ఐదేళ్ళు అలాంటి చోట ఉన్నారా అని. తెనాలి దగ్గర పల్లెటూళ్ళో పుట్టి పెరిగినా దానికి ఇక్కడ లెక్క లేదు. కానీ బెండిగోలో వరసగా ఐదేళ్ళు ఉన్న నర్సుకి ఇది పెద్ద మెట్టు, అద్దె అగ్రిమెంట్లు, కరెంటు బిల్లులు పారేయకండి. ఐదో ఏడు పూర్తవ్వడానికి నాలుగు నెలలుండగా మెల్‌బోర్న్‌కి ఇల్లు మారేముందు ఒక్కసారి ఆలోచించండి.

ఇంటర్వ్యూ ఎక్కువగా ఎంఎంఐ పద్ధతిలో, చిన్న చిన్న గదులు లేదా ఆన్‌లైన్ గదులు, ఒక్కో దాంట్లో ఒక పరిస్థితి ఇచ్చి కొద్ది నిమిషాలు మాట్లాడమంటారు. చివరి ఎంపికలో దీనికి పెద్ద వాటా ఉంటుంది. ఇంతవరకు వచ్చినవాళ్ళందరికీ మార్కులున్నాయి కాబట్టి మిగతా తేడా ఇక్కడే తేలుతుంది. ఇందులో మనకి గట్టిగా అడ్డుపడేది ఇంగ్లిష్ కాదు, ఇంట్లో పెరిగిన తీరు. ఉదాహరణకి ఇలాంటిది ఇస్తారనుకోండి: డెబ్బై ఏళ్ళావిడకి క్యాన్సర్ అని తేలింది, కొడుకు వచ్చి "అమ్మకి చెప్పకండి, తట్టుకోలేదు" అంటున్నాడు, మీరేం చేస్తారు? మన ఇళ్ళలో ఇది ప్రశ్నే కాదు. నాయనమ్మకి గ్యాస్ట్రిక్ ట్రబుల్ అని చెప్పి ట్రీట్‌మెంట్ ఇప్పించిన కుటుంబాలు మనందరికీ తెలుసు, ప్రేమతోనే చేశారు. ఇక్కడ మాత్రం జబ్బు గురించి తెలుసుకునే హక్కు, వద్దనే హక్కు కూడా, ఆవిడదే. "కుటుంబం ఏమంటే అదే" అన్నా పోతుంది, "రూల్ ప్రకారం చెప్పేస్తాను" అని మొహం మీద కొట్టినట్టు అన్నా పోతుంది. ఆవిడ ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటోందో ముందు ఆవిడనే అడగాలి, కొడుకు భయం ఏంటో కూర్చోబెట్టి వినాలి, భాష సమస్య ఉంటే కొడుకుని కాకుండా ఇంటర్‌ప్రెటర్‌ని పిలవాలి. ఈ మూడూ మాటల్లో సహజంగా రావాలి. మన కుటుంబాలు ఎలా ఆలోచిస్తాయో తెలియడం నిజానికి మీకు బలం, దాన్ని దాచి ఇక్కడి జవాబు బట్టీపట్టి చెప్పే బదులు "మా ఇళ్ళలో ఇలా చేస్తారు, ఎందుకంటే..." అని మొదలుపెట్టి, ఇక్కడ అది ఎందుకు సరిపోదో చెప్పండి.

అబొరిజినల్, టోరెస్ స్ట్రెయిట్ ద్వీపవాసుల ఆరోగ్యం గురించి కూడా తప్పకుండా చదవండి. కొత్తగా వచ్చినవాళ్ళం కాబట్టి మనకి సంబంధం లేదనే ధోరణి ఆ గదిలో ఇట్టే బయటపడుతుంది. సాధన మాత్రం మన తెలుగు ఫ్రెండ్స్‌తోనే చేయకండి, అందరం ఒకేలా ఆలోచించి ఒకరినొకరం సూపర్ అనుకుంటాం.

సీటు వచ్చేటప్పుడు సీఎస్‌పీలో 28.5 శాతం బాండెడ్ సీట్లు అని గుర్తుంచుకోండి. చదువయ్యాక 18 ఏళ్ళలోపు మొత్తం మూడేళ్ళు డాక్టర్ల కొరత ఉన్న ప్రాంతాల్లో పనిచేయాలి. ఇది చూసి చాలామంది భయపడతారు, నాకైతే భయపడాల్సినంత కనిపించదు, 18 ఏళ్ళు చాలా ఎక్కువ టైము. ప్రభుత్వం వాటా లేకుండా ఫీజంతా మీరే కట్టే ఫుల్ ఫీ సీట్ల దగ్గర మాత్రం నిజంగా ఆగి ఆలోచించండి. నాలుగేళ్ళకి సుమారు మూడు లక్షల డాలర్లు అవుతుంది, ఈ సీట్లకి ప్రభుత్వం ఇచ్చే ఫీ-హెల్ప్ లోన్ అంత మొత్తానికి రాదు, అదీ పీఆర్ వాళ్ళకి లేనే లేదు. మెక్వారీ ఎండీ ఎక్కువగా ఇలాంటి ఫుల్ ఫీ కోర్సే. తమాషా ఏంటంటే 2018లో అది మొదలైనప్పుడు క్లినికల్ శిక్షణలో కొంత భాగాన్ని హైదరాబాద్ అపోలోలో పెట్టారు.

ఇంటర్నేషనల్ ఫీజు కట్టి చదవాలనుకునేవాళ్ళకి ఆఖరి మాట. సీఎస్‌పీలో చదివినవాళ్ళకి ఇంటర్న్‌షిప్ చోటు ఖాయం, ఇంటర్నేషనల్‌గా చదివినవాళ్ళు ప్రాధాన్య వరసలో వెనక ఉంటారు. ఆ ఏడాది ఇంటర్న్‌షిప్ చేయకుండా ఇక్కడ డాక్టరుగా జనరల్ రిజిస్ట్రేషన్ రాదు. ఏజెంటు ఫీజు, వీసా, హాస్టల్ అన్నీ లెక్క చెప్పి ఈ ముక్క చెప్పకపోతే మీరే అడగండి: గత రెండేళ్ళలో ఆ స్కూలు నుంచి ఇంటర్నేషనల్‌గా బయటికొచ్చినవాళ్ళు ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేస్తున్నారని.