ఆర్సీ గ్లైడర్‌కి హింజ్‌లు ఎలా ఎంచుకోవాలి, ఎలా బిగించాలి?

రిమోట్‌తో ఎగరేసే (ఆర్సీ) గ్లైడర్‌కి మోటారు బలం ఉండదు కాబట్టి దొరికిన ఎత్తునే పొదుపుగా వాడుకోవాలి. అయిలరాన్ (రెక్క వెనక అంచున పైకీ కిందికీ కదిలే పలక) ముందు సందు తెరిచి ఉంటే రెక్క కింది గాలి పైకి జారిపోతుంది, స్టిక్ తిప్పినా మోడల్ బద్ధకంగా తిరుగుతుంది. అయిలరాన్‌ని రెక్కకి కలిపే మడత బందు, అంటే హింజ్, వదులైతే ఇంకా ప్రమాదం. వేగం పెరగ్గానే అయిలరాన్ దడదడా కొట్టుకుంటుంది. దీన్నే ఫ్లట్టర్ అంటారు. సర్వో (అయిలరాన్‌ని కదిలించే చిన్న మోటారు) గేర్లు పోతాయి, ఒక్కోసారి రెక్కే విరుగుతుంది. నెల్లూరు, ప్రకాశం తీరమంతా చదునే కాబట్టి సాగే బంజీ తాడుతోనో, పక్కకి తిప్పి విసిరో ఎత్తు తెచ్చుకోవాలి. లాంచ్‌లో వేగం ఎక్కువ గనక ఫ్లట్టర్ భయమూ అక్కడే ఎక్కువ.

1. ముందు రెక్క దేంతో చేశారో చూడండి

ధరా, మోడల్ సైజూ తర్వాత చూసుకోవచ్చు. ఈపీపీ (పాలీప్రొపైలీన్) ఫోమ్, థర్మోకోల్ రెక్కలకి టేప్ హింజే సరైనది. బాల్సా (తేలికైన చెక్క) రెక్కకి సీఏ హింజ్ (సీఏ అనే సూపర్ గ్లూతో అంటించే పల్చటి రేకు) గానీ టేపు గానీ వాడొచ్చు. ఫైబర్ మోల్డెడ్ రెక్కల్లో సాధారణంగా పైపొరనే హింజ్‌గా వదిలి తయారు చేస్తారు. అది చిరగనంత వరకు ముట్టుకోవద్దు. 3 మీటర్లు దాటిన స్కేల్ గ్లైడర్‌కి (అసలు గ్లైడర్‌కి నమూనాగా చేసింది) పిన్ ఉన్న నైలాన్ హింజ్‌లు మేలు.

2. ఎటు, ఎంత వంగాలో తేల్చుకోండి

టేప్ హింజ్ అయితే అయిలరాన్‌కి పైవైపు పెట్టి, అయిలరాన్ ముందు అంచుని కింది నుంచి 45 డిగ్రీలు ఏటవాలుగా చెక్కండి. ఆ వాలు లేకపోతే కిందికి వంగేటప్పుడు అంచులు గుద్దుకుంటాయి. ల్యాండింగ్‌లో బ్రేకుగా 70 నుంచి 90 డిగ్రీలు దించే ఫ్లాప్‌కి హింజ్ కిందివైపు ఉంటే సులువు. అప్పుడు ఫ్లాప్ దించినప్పుడు సందు పైన తెరుచుకుంటుంది కాబట్టి మూసే ఏర్పాటు పైనే చేయాలి.

3. టేప్ హింజ్

చవకైంది, తేలికైంది, సందు ఉండనిది. సరిగ్గా వేస్తే దీన్ని మించింది లేదు. సరిగ్గా వేయకపోతే మాత్రం మన ఎండకి రెండు వారాలు కూడా నిలవదు. మామూలు సెల్లో టేపు పసుపెక్కి పగులుతుంది. చవక ప్యాకింగ్ టేపుకి మే నెల ఒంగోలు ఎండలో జిగురు కరిగి జారుతుంది. మంచి రకం పారదర్శక ప్యాకింగ్ టేపు గానీ, దొరికితే 3ఎం బ్లెండర్మ్ (ఆసుపత్రుల్లో వాడే పారదర్శక టేపు) గానీ తీసుకోండి.

అంటించే చోటు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. ఉత్త ఈపీపీ మీద టేపు పట్టదు. ముందు స్ప్రే జిగురు పల్చగా కొట్టి, వేలికి బంకగా తగిలేదాకా ఆగండి. థర్మోకోల్ అయితే ఫోమ్‌ని తినని స్ప్రేనే వాడాలి. ఉత్త బాల్సాకి పల్చగా వార్నిష్ పూస్తే దుమ్ము రేగదు.

రెక్కనీ అయిలరాన్‌నీ బల్ల మీద పక్కపక్కన పరిచి, మధ్యలో విజిటింగ్ కార్డు మందం సందు ఉంచండి. టేపు ముందే పొడవుకి కత్తిరించుకుని, లాగకుండా పరిచి వేలితో నొక్కండి. లాగి అంటిస్తే అది మళ్లీ ముడుచుకుంటూ పల్చటి ఫోమ్‌ని వంచేస్తుంది.

ఇక్కడితో ఆపేసేవాళ్లే ఎక్కువ. అయిలరాన్‌ని పూర్తిగా పైకి మడిచి రెక్క మీద పడుకోబెట్టండి. ఇప్పుడు రెండు అంచులూ పక్కపక్కన పైకి కనిపిస్తాయి. వాటి మీద 15 మిల్లీమీటర్ల వెడల్పు రెండో టేపు వేయండి. సందులో రెండు టేపుల జిగురూ ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఈ రెండో టేపు లేకపోతే సందులో జిగురు గీత బయటే ఉంటుంది. మైపాడు, కొత్తపట్నం బీచ్‌లలో ఒక్కసారి దించితే చాలు, ఇసుక రేణువులు ఆ గీత పొడవునా వరసగా అంటుకుంటాయి. అయిలరాన్ కదిపితే కరకరమంటుంది.

4. సీఏ హింజ్

400 మిల్లీమీటర్ల అయిలరాన్‌కి 4 పెట్టండి. చివరివి అంచు నుంచి 20, 25 మిల్లీమీటర్ల లోపలికి ఉండాలి. ఎంత చిన్న అయిలరాన్‌కైనా 3కి తగ్గొద్దు, ఒకటి ఊడినా మిగతా రెండూ పట్టుకుంటాయి. బాల్సా మందానికి సరిగ్గా మధ్యలో పల్చటి బ్లేడుతో చీలిక పెట్టి, చీలిక మధ్యలో 2 మిల్లీమీటర్ల రంధ్రం వేయండి. జిగురు ఆ దారినే లోపలిదాకా పాకుతుంది. హింజ్ నడుమ గుండుసూది గుచ్చి సగం ఇటు, సగం అటు తోయండి. సూది తీసి, నీళ్లలాంటి పల్చటి సీఏ ఒక్కో వైపు 5, 6 చుక్కలు వేయండి. చిక్కటి సీఏ గానీ ఎపాక్సీ గానీ ఇక్కడ పనికిరావు, అవి లోపలికి ఇంకవు. ఆరబెట్టే యాక్టివేటర్ స్ప్రే కూడా వద్దు, జిగురు పైపైనే గడ్డకడుతుంది. తీరప్రాంతపు తేమకి మూత తీసిన సీసా త్వరగా చిక్కబడుతుంది కాబట్టి సిలికా జెల్ వేసిన డబ్బాలో గాలి చొరకుండా దాచండి. పది నిమిషాలాగి ఒక్కో హింజ్‌నీ గట్టిగా లాగి చూడండి. ఊడేదైతే బల్ల మీదే ఊడాలి.

5. పిన్ హింజ్, సిలికాన్

పిన్ హింజ్‌ని ఎపాక్సీతో అంటించే ముందు కదిలే భాగానికి వాజెలిన్ రాయండి. పిన్నులన్నీ ఒకే సరళరేఖలో లేకపోతే అయిలరాన్ బిగుసుకుంటుంది. మామూలు స్టీలు పిన్ను ఉప్పుగాలికి తుప్పు పడుతుంది, స్టెయిన్‌లెస్ వేయండి. చిరిగిన మోల్డెడ్ హింజ్‌కి సిలికాన్ పూసి 24 గంటలు కదపకండి. వెనిగర్ వాసన వచ్చే రకం లోహాన్ని తింటుంది, న్యూట్రల్ అని రాసి ఉన్నది అడిగి కొనండి.

6. ఎగరేసే ముందు పరీక్ష

పుష్‌రాడ్ (సర్వో నుంచి అయిలరాన్‌కి వెళ్లే కడ్డీ) విప్పి రెక్కని పట్టుకోండి. టేపు, పిన్ హింజ్‌లైతే అయిలరాన్ దాని బరువుకే కిందికి వాలాలి. బిగుతుగా ఉంటే సర్వో మధ్యకి తిరిగి రాదు, ఊరికే గుయ్యిమంటూ బ్యాటరీ తాగుతుంది. పుష్‌రాడ్ బిగించి, సర్వో ఆన్ చేసి, వెనక అంచుని మెల్లగా కదపండి. ఆడితే హింజ్ గీత మీద వేలు ఆనించి మళ్లీ కదపండి. వేలి కింద కదలిక తెలిస్తే తప్పు హింజ్‌ది. తెలియకపోతే హార్న్ (అయిలరాన్ మీద పుష్‌రాడ్ తగిలించే కొమ్ము) రంధ్రమో, సర్వో గేర్లో అరిగి ఉండొచ్చు, హింజ్ విప్పి లాభం లేదు.

మిట్టమధ్యాహ్నం మూసిన కారులో మోడల్ వదలకండి. రోహిణి కార్తె వెళ్లాక టేపు హింజ్‌లన్నీ ఒకసారి గోరుతో గీరి చూసి, అంచు లేచినవి పూర్తిగా పీకి, పాత జిగురు ఆల్కహాల్‌తో తుడిచాకే కొత్తవి వేయండి. పాత టేపు మీద కొత్త టేపు వేస్తే కింది పొరతో పాటు పైదీ ఊడుతుంది.